అక్షరం ఎక్కడుందని అడక్కండి

జావాస్క్రిప్ట్ నేర్పే పాఠం ఏదైనా తీసుకోండి, స్ట్రింగుల దగ్గరికి రాగానే ఇండెక్స్‌ఆఫ్ వస్తుంది. మాట ఇస్తే, అందులో వెతకాల్సిన అక్షరం ఇస్తే, అది ఎన్నో చోట ఉందో చెబుతుంది. లేకపోతే -1 అంటుంది. పాఠం అక్కడితో సరి. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. ఆ ఫంక్షన్ గురించి తెలుసుకోండి, కానీ తెలుగు మాటల మీద ప్రయోగించకండి. ఏ అక్షరం ఎన్నో చోట ఉందన్న ప్రశ్నే మీ ప్రోగ్రాములో లేకుండా చేసుకోండి. ఇక్కడ రాసిన మిగతా సలహాలన్నీ ఆ ఒక్క మాట నుంచి పుట్టినవే. వీటిలో సగానికి మీ టీమ్ లీడ్ ఒప్పుకోరు. కోడ్ రివ్యూలో తిప్పి పంపుతారు. అయినా పట్టు వదలకండి.

చోటు తెలుసుకుని ఏం చేస్తారో ముందు చెప్పండి

చోటు కావాలని వచ్చినవాళ్లను నిలదీస్తే చాలాసార్లు వాళ్లకు కావలసింది వేరే ఉంటుంది. ఆ గుర్తు మాటలో ఉందా లేదా అన్నది ఒకరికి కావాలి. గుర్తుకు ముందున్న భాగం ఇంకొకరికి కావాలి. దాన్ని తీసి వేరేది పెట్టాలని మరొకరు చూస్తారు. ఈ మూడింటికీ అంకెతో పని లేదు. ఉందా లేదా అంటే 2015 నుంచి ఇన్‌క్లూడ్స్ ఉంది. ముందు వెనకల భాగాలకు స్ప్లిట్ ఉంది, మార్చడానికి రీప్లేస్ ఉంది. అంకె తీసుకుని, దానికి ఒకటి కలిపి, ఇంకో ఫంక్షన్‌కు అందించి ముక్క కోయడమంటే, మిషన్ ఒక్క అంగలో చేసే పనికి మనం మధ్యలో నిలబడి సరుకు చేతులు మార్చడమే. ఆ చేతులు మారే దగ్గరే ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో అవుతుంది.

అందుకని మీ పాత ఫైళ్లు తెరిచి, చోటు దాచుకోవడానికి పెట్టిన వేరియబుల్స్ అన్నీ ఏరండి. ఒక్కొక్కటి తీసేసి, ఆ పని చోటు లేకుండా ఎలా అవుతుందో చూడండి. నడుస్తున్న ప్రోగ్రామును కదపకూడదని పెద్దలు చెబుతారు. ఈ ఒక్క విషయంలో కదపండి.

ప్రోగ్రామును పడిపోనివ్వండి

-1 మీద నాకు నిజంగా కోపం. వెతికినది దొరకలేదన్న వార్త అంకె వేషంలో రాకూడదు. అంకె అయ్యాక దాన్ని ఎవరైనా దేనికైనా కలుపుతారు, దేంట్లోంచైనా తీసేస్తారు. ఒకాయన ఈమెయిల్ గడిలో ఎట్ గుర్తు కొట్టడం మరిచిపోయి, దాని బదులు చుక్క పెట్టారనుకోండి. మీ కోడ్ ఎట్ గుర్తు చోటు అడిగి, మొదటి నుంచి అక్కడిదాకా స్లైస్‌తో కోస్తుంది. చోటు -1 వచ్చింది. స్లైస్ దృష్టిలో -1 అంటే చివరి నుంచి ఒకటి. కాబట్టి చివరి ఎం రాలిపోయి, డాట్ కో దాకా మిగిలిన చిరునామానే ఆయన యూజర్ పేరుగా డేటాబేస్‌లో చేరుతుంది. ఎవరూ కేక వేయరు. అదే పని సబ్‌స్ట్రింగ్‌తో చేస్తే -1ని 0 కింద లెక్కేసుకుని ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. రెండు ఫంక్షన్లు, ఒకే తప్పు, రెండు రకాల నష్టం.

షరతులో పెడితే ఇంకా ఘోరం. ఇండెక్స్‌ఆఫ్ ఇచ్చిన జవాబును నేరుగా ఇఫ్‌లో పెట్టి విజయవాడలో వ ఉందా అని అడగండి. వ మొదటే ఉంది కాబట్టి జవాబు 0, జావాస్క్రిప్ట్‌కు 0 అంటే అబద్ధం. ఇప్పుడు గుంటూరులో అడగండి. వ లేదు కాబట్టి జవాబు -1, సున్న కాని అంకె ఏదైనా దానికి నిజం. అంటే విజయవాడలో లేదని, గుంటూరులో ఉందని తేలుతుంది. దీన్ని దాటడానికి ముందు టిల్డా గుర్తు పెట్టే చిట్కాను కొందరు సీనియర్లు గర్వంగా నేర్పుతారు. టిల్డా -1ని 0 చేస్తుంది, నిజమే. కానీ ఆ వరుస చదివే తర్వాతి మనిషికి అది అర్థమయ్యేసరికి పూట గడుస్తుంది. ఆ చిట్కాను ఎంత గౌరవనీయులు చెప్పినా పక్కన పెట్టండి.

ఖాళీ స్ట్రింగ్‌ను వెతకమంటే ఏ మాటలోనైనా 0 దగ్గర దొరికిందంటుంది. వెతుకుడు పెట్టెలో ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే అన్ని పేర్లూ సరిపోతాయి.

ఎక్సెల్‌లో ఫైండ్‌కు దొరకకపోతే గడిలో ఎర్రర్ కనబడుతుంది. పైథాన్‌లో రెండు దారులున్నాయి: ఫైండ్ -1 ఇస్తుంది, ఇండెక్స్ ఎర్రర్ లేపుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఆ రెండో దారి లేదు. మీరే వేసుకోండి. దొరకకపోతే ఎర్రర్ త్రో చేసే చిన్న ఫంక్షన్ రాసి, ప్రాజెక్టు అంతా దాన్నే వాడండి. వాడుకరికి ఎర్రర్ కనబడకూడదని, తెర మీద ఏదో ఒకటి చూపించాలని మీకు చెబుతారు. వినకండి. పడిపోయిన ప్రోగ్రాము గురించి సాయంత్రంలోగా ఫోన్ వస్తుంది. తప్పు పేరు దాచుకున్న ప్రోగ్రాము గురించి పింఛను ఆగాకే తెలుస్తుంది.

కంప్యూటర్ కంటే ముందు వేలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తెలుగు మాట మీద ఏ ఫంక్షన్ నడిపే ముందైనా కాగితం మీద ఆ మాట రాసి, వేలు పెట్టి అక్షరాలు లెక్కపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లతో లెక్కపెట్టించండి. వాళ్ల లెక్కనే ప్రామాణికంగా పెట్టుకోండి. మిషన్ లెక్క దానికి లొంగాలి.

శ్రీనివాస్ అన్న పేరు తీసుకోండి. బామ్మగారిని అడిగితే శ్రీ, ని, వా, స్ అని నాలుగు వేళ్లు ముడుస్తారు. ని రెండో అక్షరం. జావాస్క్రిప్ట్‌ను ఈ పేరు పొడవు అడిగితే 10 అంటుంది. న ఎక్కడుందంటే 4 అంటుంది. సున్న నుంచి లెక్కపెడుతుంది కనుక అది ఐదోది. మిషన్ చూస్తున్న వరుస ఇది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, న, గుడి, వ, దీర్ఘం, స, మళ్లీ పొల్లు. మనం క్రావడి అనుకున్నది దానికి నిఖార్సయిన ర. అందుకే ఈ పేరులో ర ఎక్కడుందంటే 2 అని ధీమాగా చెబుతుంది. శ్రీకాకుళంలో కా మన కంటికి రెండోది, దానికి 4. స్త్రీ మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు.

ఇది జావాస్క్రిప్ట్ ఒక్కటే చేసిన పాపం కాదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గడుల పట్టిక దొరికింది. 1988 నాటి ఇస్కీ అనే భారతీయ లిపుల కోడ్ అమరికను పట్టుకుని వేసిన పట్టిక అది. హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు వేటి గడిలో అవి ఉంటాయి. కా, కి, కులకు విడిగా గడుల్లేవు, ఒత్తులకూ లేవు. ఇన్ని హల్లులకు ఇన్ని గుణింతాలు, వాటి మీద ఒత్తులు వేరుగా పెడితే 128 గడులు ఏ మూలకు? విడి గుర్తులు దాచి, తెర మీద ఫాంటు కలిపి గీయాలన్నది ఏర్పాటు. ఆ ఏర్పాటు మంచిదేనని నేనూ అంటాను. కానీ గీసేటప్పుడు కలిపిన దాన్ని వెతికేటప్పుడు ఎవరూ కలపలేదు.

1995 మే నెలలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని పది రోజుల్లో కట్టారు. చూడటానికి జావాలా ఉండాలన్నది కంపెనీ కోరిక. ఇండెక్స్‌ఆఫ్, చార్‌ఎట్ అన్న పేర్లు జావాలోవే. లోకంలోని లిపులన్నీ 16 బిట్లలో ఇముడుతాయన్నది అప్పటి లెక్క. మరుసటి ఏడాది 1996లో యూనికోడ్ 2.0 ఆ హద్దును దాటింది. పట్టనివాటికి రెండేసి యూనిట్ల జంట కట్టారు. నవ్వు మొహం ఎమోజీ పొడవు జావాస్క్రిప్ట్‌లో 2 రావడం అందుకే. ఇండెక్స్‌ఆఫ్ ఇచ్చే అంకె ఈ రోజుకీ 16 బిట్ల యూనిట్ల లెక్కే, అక్షరాల లెక్క కాదు.

ఎమోజీ మందు తెలుగుకు పనిచేయదు

ఈ సంగతి కాస్త తెలిసినవాళ్లు వెంటనే ఒక మందు రాస్తారు: మాటను మూడు చుక్కల స్ప్రెడ్‌తో విడగొట్టండి, లేదా అర్రే.ఫ్రమ్ వాడండి, అంతా సర్దుకుంటుంది. ఎమోజీకి సర్దుకుంటుంది. జంట యూనిట్లను అది ఒకటిగా పట్టుకుంటుంది. తెలుగు గుర్తులన్నీ ఒక్కో యూనిట్‌లోనే ఇముడుతాయి కాబట్టి శ్రీనివాస్ స్ప్రెడ్ చేశాక కూడా పదే. ఎమోజీ బాగుపడితే ప్రపంచ భాషలన్నీ బాగుపడ్డాయని అనుకోవడం నన్ను బాధపెడుతుంది. తెలుగువాళ్లే తెలుగు పాఠాల్లో ఇదే మందు చెప్పడం మరీ బాధ.

పరీక్షించాలంటే వికటకవి అన్న మాట వాడండి. ఎటు చదివినా ఒకటేనని మనకు చిన్నప్పుడే తెలుసు. ఇంటర్వ్యూల్లో అడిగే పద్ధతిలో స్ప్లిట్ చేసి, రివర్స్ చేసి, జాయిన్ చేసి పోల్చండి. మొదట గుడి వచ్చి, దాని వెనక వ వస్తుంది. చివర వ ఒంటరిగా మిగులుతుంది. ఇది అటూ ఇటూ ఒకటి కాదని జావాస్క్రిప్ట్ తీర్పు ఇస్తుంది. ఇందులో ఒక చిత్రం ఉంది. ట మాత్రం రెండు లెక్కల్లోనూ నడిమధ్యే పడుతుంది: మన ఐదు అక్షరాల్లో మూడోది, దాని ఏడు యూనిట్లలో నాలుగోది. అంటే ఒక్క ట కోసం వెతికి ఊరుకున్నవాళ్లకు అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది. పరీక్షకు హలో వరల్డ్ పెట్టుకున్నా ఇదే జరుగుతుంది, అన్నీ సరైన జవాబులే వస్తాయి. మీ టెస్టు ఫైళ్లలోంచి ఆ రెండు మాటలు తీసేసి స్త్రీ, లక్ష్మి, కృష్ణ, వికటకవి పెట్టండి. ఇంగ్లీషు మాట ఒక్కటీ వద్దు. తెలుగులో నెగ్గిన కోడ్ ఇంగ్లీషులో ఓడటం అరుదు.

నెమ్మదిగా వెళ్లండి

మరి అక్షరాల లెక్కన వెతకడం ఎలా? ఇంటల్.సెగ్మెంటర్ ఉంది. భాష తెలుగని, ముక్క కొలత గ్రాఫీమ్ అని చెప్పి మాటను దాని చేతికిస్తే శ్రీ, ని, వా, స్ అని విడగొట్టి ఇస్తుంది. ప్రతి ముక్కతో పాటు అది ఏ యూనిట్ దగ్గర మొదలైందో కూడా చెబుతుంది. వెతికే మాటనూ అలాగే విడగొట్టి, ముక్కకు ముక్క పోల్చుకుంటూ వెళ్లండి. అప్పుడు రాముడులో రామ అని వెతికితే దొరకదు, ఎందుకంటే రెండో ముక్క ము. మామూలు వెతుకుడుకు అది దొరుకుతుంది, ఇన్‌క్లూడ్స్‌కూ దొరుకుతుంది. దొరికిన చోట కోస్తే మిగిలిన ముక్క మొదట్లో కొమ్ము గాలిలో వేలాడుతుంది. తెర దానికి చుక్కల వలయం గీసి చూపిస్తుంది. తెలుగు తెలిసిన ఎవరికైనా ఆ చుక్కల వలయం చూడగానే ఒళ్లు మండాలి.

ఇలా ముక్కలు చేయడం ఇండెక్స్‌ఆఫ్ కంటే చాలా నెమ్మది. కానివ్వండి. ఒక మనిషి పేరు, ఒక ఊరి పేరు, ఒక వాక్యం మీద ఆ తేడా ఎవరికీ తెలియదు. వేల పేర్లుంటే ఒకసారి విడగొట్టి పెట్టుకోండి. వేగం పేరు చెప్పి ఎవరైనా ఇండెక్స్‌ఆఫ్‌కు తిరిగి వెళ్దామంటే, తప్పు జవాబు ఎంత తొందరగా కావాలో అడగండి.

సెగ్మెంటర్ క్రోమ్‌లో 2020 నుంచే ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో 2024లో వచ్చింది. పొల్లుతో కలిసిన హల్లులను ఒకే ముక్కగా ఉంచాలన్న నియమం యూనికోడ్‌లో 2023లో వచ్చిన 15.1తో చేరింది. ఆ జాబితాలో తెలుగు ఉంది. పాత నియమం ప్రకారం కృష్ణ కృ, ష్, ణ అని మూడు ముక్కలు. కొత్తదాని ప్రకారం కృ, ష్ణ అని రెండు. ఒకే కోడ్ పాత ఫోనులో ఒక అంకె, కొత్త ఫోనులో ఇంకో అంకె ఇవ్వొచ్చన్నమాట.

అందుకే నా అన్ని సలహాల్లోకీ గట్టిది ఇది: చోటును ఎక్కడా దాచకండి. డేటాబేస్‌లో వద్దు, సర్వర్‌కు పంపొద్దు, ఫైల్లో రాయొద్దు. శ్రీనివాస్‌లో న చోటు జావాస్క్రిప్ట్‌కు 4, పైథాన్‌కూ 4. గో భాష బైట్లు లెక్కపెడుతుంది, తెలుగు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, కాబట్టి దానికి 12. అదే పేరు ముందు ఒక నవ్వు మొహం పెడితే జావాస్క్రిప్ట్‌కు 6, పైథాన్‌కు 5, గోకు 16. అంకె పక్కన ఎవరి అంకో రాసి ఉండదు. దాచాల్సింది ఉంటే ఆ ముక్కనే దాచండి, దాని ముందున్న మాటనూ వెనకున్న మాటనూ దాచండి. మెమరీ ఎక్కువ తింటుందని అంటారు. తిననివ్వండి.

దొరకలేదంటే ఒప్పుకోకండి

కళ్లెదుట ఉన్న మాటను పట్టుకుని లేదని చెప్పడం మన లిపిలో మామూలే. హై రాయడానికి యూనికోడ్‌లో రెండు దారులున్నాయి. ఐత్వం మొత్తం ఒకే గుర్తుగా ఉండొచ్చు, లేదా ఎత్వం, దాని కింద వేలాడే గీత అని రెండు గుర్తులుగా ఉండొచ్చు. తెర మీద రెండు హైదరాబాద్‌లూ ఒక్కలాగే ఉంటాయి. ఒకదాని పొడవు 9, రెండోదాని పొడవు 10. ఒకదాన్ని రెండోదాంట్లో వెతికితే -1. ద చోటు ఒకదాంట్లో 2, ఇంకోదాంట్లో 3. వెతికే ముందు రెండు మాటలనూ నార్మలైజ్ చేసి ఒకే రూపానికి తెస్తే ఈ గొడవ తీరుతుంది. అయినా అది చేసే తెలుగు సైట్లు నాకు తక్కువే కనిపించాయి.

నార్మలైజ్‌కు లొంగని తగాదా మరొకటి ఉంది. సాఫ్ట్‌వేర్ అని టకు వ ఒత్తు తగలకుండా రాయాలంటే మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొందరి కీబోర్డు పెడుతుంది, కొందరిది పెట్టదు. పెట్టినదాని పొడవు 11, పెట్టనిదాని పొడవు 10. ఒకరు రాసినది ఇంకొకరికి దొరకదు. వెతకడానికి నకలు ఒకటి తీసుకుని అందులోంచి ఆ గుర్తును తీసేయండి. అసలు మాటలో తీయకండి, రాత చెడుతుంది. అయితే నకలులో దొరికిన చోటు అసలు మాటకు వర్తించదు, మధ్యలో గుర్తులు జరిగిపోయాయి కదా. చోటు అడగొద్దని మొదట్లోనే ఎందుకన్నానో చూడండి. ఇంగ్లీషులో ఇలాంటి తేడా పోగొట్టడానికి పెద్దక్షరాలను చిన్నవి చేసి వెతుకుతారు. టర్కీ భాషలోని చుక్క ఉన్న పెద్ద ఐ అలా చేస్తే ఒక యూనిట్ నుంచి రెండవుతుంది. అక్కడా వెనకవన్నీ జరుగుతాయి.

ఒకటి నుంచి మొదలుపెట్టండి

సున్న నుంచి ఎందుకు లెక్కపెట్టాలో డైక్‌స్ట్రా 1982లో చేతిరాతతో చిన్న వ్యాసం రాశారు. హద్దులు వేసుకునేటప్పుడు ఆ పద్ధతి చక్కగా కుదురుతుందని చూపించారు, అందులో తప్పు లేదు. కానీ మనిషికి చెప్పే ఏ లెక్కా సున్నతో మొదలవకూడదు. మీ పేరులో నాలుగో అక్షరం తప్పుందని ఫారం చెబితే, అది నింపుతున్న పెద్దాయన వేలితో నాలుగు లెక్కపెట్టి చూస్తాడు. నాలుగు అంటే శ్రీ, ని, వా, స్ లెక్కలో నాలుగు కావాలి. అంతకంటే మేలైనది ఆ అంకె చెప్పకుండా తప్పున్న అక్షరాన్నే ఎర్ర రంగులో చూపించడం.

ఫారాల మాట వచ్చింది కనుక, గడిలో ఇన్ని అక్షరాలే పట్టాలని పెట్టే మ్యాక్స్‌లెంగ్త్‌ను తెలుగు గడులన్నిట్లోంచి పీకేయండి. అదీ యూనిట్లనే లెక్కపెడుతుంది. హద్దు 10 పెట్టి శ్రీనివాసులు అని కొట్టండి. ఐదు అక్షరాల పేరు, పన్నెండు యూనిట్లు. శ్రీనివాసు దగ్గర ఆగిపోతుంది. చుక్కల వలయం రాదు, ఎర్రర్ రాదు, చూడ్డానికి నిండైన పేరే. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉన్న మనిషి ఏ కౌంటర్ దగ్గర నిలబడినా అఫిడవిట్ తెమ్మంటారు. డేటాబేస్‌లో అంత స్థలం లేదని మీకు చెబితే, ఆ కాలమ్ పెద్దది చేయమని అడగండి. అంతవరకు ఆ ఫారాన్ని బయటికి వదలకండి.